వరూధిని కుడికాలు

పొద్దున నాలుగున్నరకు మునీంద్ర చేసే మొదటి పని, చార్జింగుకు పెట్టిన రెండు ఎర్రదీపాలను పీకి జనరేటర్ ట్రైలర్ వెనక చెరో పక్క అతికించడం. వాటి అడుగున అయస్కాంతం ఉంటుంది, ఇనుము తగిలితే టక్కున పట్టుకుంటాయి. తర్వాత ట్రైలర్‌ను పికప్‌కు తగిలించి, ముఖాన నాలుగు నీళ్లు కొట్టుకుని బెంగళూరు పక్కన జిగణిలో బయలుదేరతాడు. ఒకరోజు పెళ్లి మండపానికి, ఒకరోజు ఇంకా కరెంటు రాని అపార్ట్‌మెంటు సైటుకు. కదిరి నుంచి వచ్చి పన్నెండేళ్లయినా నిద్ర తీరిన రోజు ఒక్కటీ అతనికి గుర్తులేదు.

వైరు దీపాలతో వేగలేక ఈ వైర్‌లెస్‌వి కొన్నాడు. స్పీడ్‌బ్రేకరు హంపు ఎక్కి దిగేసరికి ఎక్కడో వైరు తెగేది, వెనక బండివాడు వంశాన్నంతా తిట్టిపోసేవాడు. బెంగళూరు నగర్తపేటలో దీపాలమ్మిన ఆదినారాయణప్ప అంగడి ముందే బిగించి చూపించాడు. బ్రేకు వేస్తే వెలుగుతున్నాయో లేదో చూడాలంటే ఒకరు తొక్కాలి, ఒకరు వెనక నిలబడాలి. మునీంద్ర వెనక్కి పోయాడు. పక్కసీట్లో ఉన్న భార్య వరూధిని ఇటు జరిగి, చెప్పు విడిచి, కుడికాలితో బ్రేకు తొక్కింది. సరిగ్గా అప్పుడే ఆదినారాయణప్ప బటన్ నొక్కి దీపాలను జత చేశాడు. అవి బండితో కాకుండా ఆమె కాలితో జతపడ్డాయి.

"ఒకసారి జతపడితే పడినట్టేనప్పా. వారంటీలో ఇది రాదు," అన్నాడాయన.

అప్పటినుంచి మునీంద్ర ఎక్కడ బ్రేకు వేసినా, ఇంట్లోనో ఫ్యాక్టరీలోనో ఉన్న వరూధిని కుడికాలు తనంతట తానే నేలను అదిమేది. అదిమితేనే దీపాలు వెలిగేవి. ఆనేకల్ రోడ్డులో ఎన్ని హంపులున్నాయో ఆమె పిక్కకు తెలుసు. తను పనిచేసే గార్మెంట్స్ ఫ్యాక్టరీలో కుట్టుమిషను పెడలు ఎడమకాలితో తొక్కడం నేర్చుకుంది. పొరపాటున కుడికాలు పెడితే, మునీంద్ర వెనక వచ్చేవాళ్లంతా ఉత్తపుణ్యానికి ఆగిపోతారు. "కుడికాలు మా ఆయన బండికి, మేడం," అని చెబితే, సూపర్‌వైజర్ ప్రేమకుమారి పెడలును ఎడమ పక్కకు జరిపించింది.

స్టీరింగు పట్టుకునే కునుకు తీస్తాడేమోనని వరూధినికి భయం.

"ఆదివారమన్నా బండి తీయొద్దు. నా కాలు పీకుతాండాది, నీ కండ్లు చింతనిప్పులు మాదిరి ఉండాయి," అనేది.

"ఈ ఒక్క సీజన్ పోనీ మే."

సీజన్ ఎప్పటికీ పోయేది కాదు. ఆమెకు అడిగే ఓపిక కూడా తగ్గింది.

ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వాన పట్టుకుంది. వరూధిని కాలర్లు కుడుతోంది. మునీంద్ర ఆనేకల్ నుంచి తిరిగొస్తున్నాడు. పెట్రోలు బంకు హంపుకు కాలు అదిమింది. రైసుమిల్లు హంపుకు అదిమింది. అది దాటాక ఒక కాలరు కుట్టేంతలో చెరువు మలుపు రావాలి. కాలరు అయిపోయింది. కాలు కదలలేదు.

"నిద్రపోయినాడు," అని పైకే అనేసింది. లేచి నిలబడి, ఒంటి బరువంతా కుడికాలి మీద వేసి నేలను తొక్కింది.

అప్పుడు ట్రైలర్ వెనక వస్తున్నది ఫ్యాక్టరీ వ్యాన్ నడిపే స్టాన్లీ. ఆ దారిలో అందరిలాగే అతనికీ ఈ దీపాల సంగతి తెలుసు. దీపాలు భగ్గుమన్నాయి, బండి వేగం మాత్రం తగ్గలేదు. అక్క తొక్కింది, అన్న తొక్కలేదు అని అర్థమై, హారన్ మీద అరచెయ్యి పెట్టి ఇంక తీయలేదు.

మునీంద్ర ఉలిక్కిపడి కళ్లు తెరిచేసరికి ఎదురుగా రోడ్డు లేదు, చెరువు ఉంది. బ్రేకు తొక్కాడు. ముందు చక్రం గట్టు అంచున ఆగింది. స్టీరింగు వదిలేసి పక్కసీటుకు జరిగాడు.

స్టాన్లీ వానలో దిగి వచ్చి, తనే బండిని వెనక్కి తీసి రోడ్డు వారగా పెట్టాడు. "స్వల్ప పండుకో అన్నా. అక్క కాలు తీయలేదు చూడు," అని వెళ్లిపోయాడు. మునీంద్ర సీటు మీద ఒరిగిపోయాడు. వచ్చే బండ్లన్నీ ఎర్రదీపాలను చూసి పక్కనుంచి పోయాయి.

స్టాన్లీ ఫ్యాక్టరీకి వచ్చి, అన్న రోడ్డు వారన పండుకున్నాడని వరూధినికి చెప్పాడు. ఐదున్నరకు బెల్లు కొట్టారు. అందరూ వెళ్లిపోయారు. ప్రేమకుమారి కుర్చీ తెచ్చి వేసి, గేటు మూయొద్దని వాచ్‌మన్‌కు చెప్పి పక్కనే కూర్చుంది. వరూధిని పాదం ఉబ్బింది. అయినా ఎత్తలేదు.

ఏడింటికి ఫోను మోగింది.

"లేచినా మే. కాలు తీయ్."

"తీయను."

"బ్రేకులైటు ఏసుకోని యాడికని పోయేది? వెనకోళ్లు తిడతారు."

"తిట్టనీ. ఆదివారం బండి తీయనని చెప్పు. రోజూ తెల్లారినంక కానీ ఎక్కనని చెప్పు."

సీజన్ అనబోయాడు మునీంద్ర. అద్దంలోంచి చెరువు కనిపిస్తోంది. అతనికి ఏడుపొచ్చింది, వచ్చిందని దాచుకోలేదు.

"తీయను మే. తెల్లారినంకనే ఎక్కుతా."

వరూధిని కాలు ఎత్తింది. లేవబోతే అది మొద్దుబారి నిలవలేదు. ప్రేమకుమారి భుజం అందించి, "ఏమంటాడు?" అని అడిగింది.

"బతుకుతాడంట, మేడం."