గున్న కడుపులో నీళ్ళు

వంతెనను ఊడ్చుకుపోయిన వరద తర్వాత ఏడో ఏట జరిగిందిది. ఆ వంతెన మీదుగానే గని నుంచి సున్నపురాయిని మా గున్న ఫ్యాక్టరీకి లాగేది. వంతెన పోయాక లారీలు వచ్చాయి. గున్నను షెడ్డులోకి తోసి తలుపు వేశారు.

గున్న అంటే బొగ్గు ఇంజిన్. పొట్టిది, నల్లది, పొట్ట పెద్దది. మా బావ దాని డ్రైవరు. నేను బొగ్గు వేసేవాణ్ణి.

ఇంజిన్ ఆగినా బావ ఆగలేదు. రోజూ పొద్దున్నే చేతిపంపు దగ్గర బకెట్టు నింపుకుని షెడ్డుకు వెళ్ళేవాడు. బాయిలర్‌లో నీళ్ళు ఎంతున్నాయో చూపించే గాజుగొట్టం డ్రైవరు ముందే ఉంటుంది. అందులో సగానికి నీళ్ళు కనబడేదాకా పోసేవాడు. తెల్లారేసరికి ఎక్కడో సన్నగా కారి కాస్త తగ్గేది. మళ్ళీ పోసేవాడు.

మా పనిలో మొదటి పాఠం అది. గాజులో నీళ్ళు కనబడకపోతే బాయిలర్ పేలుతుంది. నేను చేరిన కొత్తలో ఒకసారి గాజు చూడ్డం మరిచిపోతే బావ చెంప పగలగొట్టాడు. అప్పటికింకా మా అక్కను ఆయనకివ్వలేదు. ఆ తర్వాతే ఇచ్చాం.

“సవతికి నీళ్ళు పోసి వచ్చావా? ఇంట్లో బిందె ఖాళీ,” అనేది అక్క.

“దానికి నోరు లేదే. నువ్వైతే అడుగుతావు. అడిగి ఊరుకుంటావా, ఊరంతా వినబడేలా అడుగుతావు,” అనేవాడు బావ.

ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్ళు గున్నను పాత ఇనుం కింద అమ్మేయబోయారు. పాత ఇంజిన్లను కాపాడే సంఘం ఒకటి అడ్డం పడింది. ఆ సంఘం పెద్ద ఒక రిటైరైన పంతులమ్మ. షెడ్డుకొచ్చి బావతో అన్నారు:

“బాయిలర్ బాగుందని సర్కారు ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటే దీన్ని మళ్ళీ నడిపిద్దాం. ఏటి గట్టు దాకా, పిల్లల్ని ఎక్కించుకుని. నడిపేది మీరే.”

బావ నేరుగా ఇంటికొచ్చి పెట్టె అడుగు నుంచి ఖాకీ చొక్కా తీశాడు. వేసుకుంటే దండేనికి ఆరేసినట్టు వేలాడింది. అక్క నవ్వి, గుండీలు జరిపి కుట్టింది.

“ఏరా, బొగ్గు వెయ్యగలవా, నడుం పట్టేసిందంటావా?” అన్నాడు నాతో.

“ముందు నువ్వు మెట్టెక్కు చూద్దాం,” అన్నాను.

ఇన్‌స్పెక్టర్ చిన్న సుత్తి పట్టుకుని వచ్చాడు. బాయిలర్ అడుగున ఉన్న బిరడా విప్పించాడు. నీళ్ళు ఎర్రగా, చిక్కగా వచ్చాయి.

“పంపు నీళ్ళు సార్, కాస్త మట్టి ఉంటుంది,” అన్నాడు బావ.

నీళ్ళన్నీ పోయాక ఇన్‌స్పెక్టర్ పైరేకు ఊడదీసి, సుత్తితో తట్టుకుంటూ వచ్చాడు. పైన తడితే గంటలా మోగింది. కింద తడితే మోగింది. నడుమ, నీటిమట్టం ఉండే చోట, మోగలేదు. ఇంకో దెబ్బ కొట్టాడు. సుత్తి లోపలికి దిగిపోయింది.

“ఇందులో నీళ్ళు ఎవరుంచారు?”

“నేనే సార్. ఒక్కరోజు కూడా ఖాళీగా ఉంచలేదు.”

మెచ్చుకుంటాడనుకున్నట్టున్నాడు బావ. ఇన్‌స్పెక్టర్ ఆయన ఖాకీ చొక్కా వైపు చూశాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

“నడిచే ఇంజిన్‌కి నీళ్ళు ప్రాణం పెద్దాయనా. నిలబెట్టేసినదానికి వేరే లెక్క. అంచుదాకా నింపి మూసెయ్యాలి, లేదంటే చుక్క లేకుండా ఆరబెట్టి, చెమ్మ పీల్చడానికి లోపల సున్నం పెట్టాలి. సగం నీళ్ళు, సగం గాలి ఉంటే ఆ గీత దగ్గర తుప్పు తినేస్తుంది.”

ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. మాకు తెలిసిందల్లా నడిచే ఇంజిన్.

కొత్త బాయిలర్ చేయించే స్తోమత సంఘానికి లేదు. “పోనీలెండి, రంగులు వేసి గేటు దగ్గర నిలబెడదాం. అందరూ చూస్తారు,” అన్నారు పంతులమ్మ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బావ సరేనన్నట్టు తలూపాడు.

అందరూ వెళ్ళాక బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

“దానికి వయసైపోయింది బావా. నువ్వు పొయ్యకపోయినా పోయేదే,” అన్నాను.

“ఊరుకోరా. అబద్ధం చెప్పడం నీకు ఏనాడు చేతనైంది గనక?”

చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పాడు. చివరికి, “ఇంత శ్రద్ధగా ఎవడూ దేన్నీ చంపి ఉండడురా,” అన్నాడు.

ఆ సాయంత్రం అక్క సవతి మాట ఎత్తలేదు. అన్నం ముందు పెట్టింది. ఆయన ముట్టకపోతే తనూ తినలేదు.

మర్నాడు పొద్దున్న వాళ్ళింటికి వెళ్ళాను. బావ గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

“లే బావా. ఆరబెట్టాలి.”

“ఏం మిగిలిందని?”

“గేటు దగ్గర నిలబడ్డానికైనా మిగలాలిగా. అడుగున ఇంకా చెమ్ముంది. పుల్లలతో సన్నమంట పెట్టమన్నాడు ఇన్‌స్పెక్టర్.”

దిగ్గున లేచి కూర్చున్నాడు. “ఖాళీ బాయిలర్ కింద నిప్పా?”

“సన్నటి మంటేలే.”

అక్క ఆయన చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది.

షెడ్డులో నేను పొయ్యి తలుపు తీసి పుల్లలు పేర్చాను. బావ అలవాటు కొద్దీ గాజు వైపు చూశాడు. అందులో ఏమీ లేదు. నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కాసేపటికి వదిలాడు.

నేను అగ్గిపుల్ల గీశాను.