మెట్లకిందమ్మ ఏ పుస్తకంలో ఉంది

ఆ బిల్డింగులో పొద్దున ఆరున్నరకి నీళ్ళ మోటారు వేస్తారు. ఏడింటికి పేపరు పడుతుంది. ఏడుంబావుకి మూడో అంతస్తు నుంచి మాస్టారి భార్య దువ్వెన పట్టుకుని దిగి, మెట్ల కింద గదిలో కూర్చున్న అమ్మకి తల దువ్వుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇదే వరస. మోటారు చాలాసార్లు మొరాయించింది, పేపరు ఎన్నోసార్లు ఎగ్గొట్టారు, దువ్వెన మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

అమ్మ అంటే దేవతే. పటం కాదు, విగ్రహం కాదు, మనిషంత మనిషి. పొట్టిగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, చెవి కాస్త మందం. కరెంటు మీటర్ల కింద చెక్కస్టూలు వేసుకుని, పక్కన బకెట్లో నీళ్ళు పెట్టుకుని, కుడిచెయ్యి అందులో నానేసుకుని కూర్చుంటుంది. జ్వరమొచ్చిన పిల్లల్ని ఎత్తుకొస్తే ఆ తడిచెయ్యి నుదుటిమీద పెడుతుంది. తగ్గిపోతుంది. ఎప్పుడైనా తగ్గకపోతే, "ఇది నావల్ల కాదు, డాక్టరు దగ్గరికి పరిగెత్తండి" అనేస్తుంది. అంత నిజాయితీగా చెప్పే డాక్టర్లని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ ఎప్పుడొచ్చింది, ఎక్కణ్ణుంచొచ్చింది అని ఎవరూ అడగలేదు. మీటర్లు ఎప్పుడొచ్చాయని ఎవరైనా అడిగారా? అందరూ మెట్లకిందమ్మ అంటారు, అంతే.

గొడవంతా లిఫ్టుతో మొదలైంది. పాతది తీసేసి కొత్తది పెట్టాలన్నారు. దాని యంత్రానికి గది కావాలన్నారు. బిల్డింగు మొత్తానికి ఖాళీగా ఉన్న గది అదొక్కటే అన్నాడు సెక్రటరీ. ఖాళీ అట! సాక్షాత్తూ దేవత కూర్చున్న గది ఆయన కంటికి ఖాళీగా కనపడింది. పోనీ ఆవిడ మొహమ్మీద పొమ్మని చెప్పే ధైర్యం ఉందా అంటే అదీ లేదు. గదంటే ఆశ, ఆవిడంటే భయం. అలాంటివాళ్ళు ఎప్పుడూ చేసే పనే ఆయనా చేశాడు. తను వెనక నిలబడి శాస్త్రాన్ని ముందుకు తోశాడు.

ఆ బిల్డింగులో శాస్త్రం అంటే మూడో అంతస్తు మాస్టారు. బళ్ళో పాఠాలు చెప్పిన మాస్టారేం కాదు. నలభై ఏళ్ళు భక్తి పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దాడు. వేదాలు, ఉపనిషత్తులు, పురాణాలు, సహస్రనామాలు, అన్నీ ఆయన ఎర్రసిరా పెన్ను కింద నలిగి బయటికొచ్చినవే. దేవుళ్ళందరికీ తనే బర్త్ సర్టిఫికెట్లు రాసిచ్చినట్టు ఉంటుంది ఆయన నడక. అచ్చులో లేనిదాన్ని లెక్కలోకి తీసుకోడు. ఇరవై రెండేళ్ళు ఆ గది ముందునుంచే పైకీ కిందికీ తిరిగాడు, ఒక్కసారి కూడా అమ్మని పలకరించలేదు.

సోమవారం నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. శాస్త్రాధారం ఉన్న దైవాలు పై పూజ హాల్లో ఉండొచ్చు, ఆధారం లేనివాళ్ళు ఆవరణ ఖాళీ చెయ్యాలి, ఆదివారం పదింటికి సమావేశం, తీర్పు మాస్టారిది. అడుగున సెక్రటరీ సంతకం, దాని పక్కన మాస్టారి సంతకం, ఎర్రసిరాతో.

మొదటి అంతస్తు టైలరమ్మ అది చదివి భగ్గుమంది. ఆవిడకి కత్తెరకన్నా ముందు నోరు ఆడుతుంది. మాస్టారు పాల ప్యాకెట్టు పట్టుకుని వస్తుంటే మెట్లకి అడ్డంగా నిలబడింది.

"మాస్టారూ, వేదంలో అందరికన్నా ఎక్కువ సూక్తాలు ఎవరికున్నాయి?"

"ఇంద్రుడికి. తర్వాత అగ్నికి," అన్నాడు ఆయన, తనకొచ్చిన ప్రశ్న అడిగిందన్న సంతోషంలో.

"పై హాల్లో పన్నెండు పటాలున్నాయి. అందులో ఇంద్రుడేడీ? అగ్ని ఏడీ?"

"అది వేరు. కాలక్రమంలో పురాణాలు వచ్చి..."

"కాలక్రమంలో జనం ఎవర్ని పిలుచుకుంటే వాళ్ళొచ్చారు, తర్వాతెవరో కూర్చుని రాశారు. ఆ పన్నెండుమందికీ వేదం లేకపోతే పురాణం చాలన్నారు, పురాణం లేకపోతే స్థలపురాణం చాలన్నారు. ఈవిడ దగ్గరికొచ్చేసరికి ముందు కాగితం చూపించమంటారా?"

"నువ్వెళ్ళి బట్టలు కుట్టుకోమ్మా. శాస్త్రం కుట్టుపని కాదు."

"కాదులెండి. కుట్టుపనిలో కొలత తప్పితే మేం ఒప్పుకుంటాం."

ఆయన ఆవిణ్ణి తప్పించుకుని మెట్లెక్కేశాడు. ఆ రోజునుంచి బిల్డింగు రెండుగా చీలింది. పిల్లలున్న ఇళ్ళన్నీ ఒక పక్క, మోకాళ్ళు అరిగి లిఫ్టు కావాలన్నవాళ్ళంతా ఒక పక్క. ఒకరి చెత్త ఇంకొకరి గుమ్మంలోకి ఊడ్చారు. ఎదురుపడితే మొహాలు తిప్పుకున్నారు.

ఇక మాస్టారి ఇంటి సంగతి. ఆయన ప్రూఫులు దిద్దడం ప్రెస్సుతో ఆపలేదు. "నిన్న వాన పడింది" అని భార్య అంటే, "నిన్న కాదు మొన్న, వాన కాదు తుంపర" అనేవాడు. "మా అన్నయ్య పెళ్ళిలో ఎంత నవ్వుకున్నామో" అంటే, "అన్నయ్యది కాదు, మీ బాబాయి కొడుకుది" అనేవాడు. నవ్వు సంగతి ఆయనకి అక్కర్లేదు. అలా ముప్పై ఒక్కేళ్ళు. మెల్లిగా ఆవిడ చెప్పడం మానేసింది. మూడో అంతస్తులో ఊ, ఆ, వడ్డించనా, ఇవే మాటలు.

మెట్ల కింద మాత్రం ఆవిడ నోరు విప్పేది. తల దువ్వుతూ చెప్పిందే చెప్పేది, తారీఖులు తప్పుగా చెప్పేది, ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో తేలేది. అమ్మ నీళ్ళలో చెయ్యి ఆడిస్తూ "ఊఁ, తర్వాత?" అనేది. ఆ ఒక్క మాట కోసమే ఆవిడ రోజూ లేచేది. అమ్మ వెళ్ళిపోతే ఆ మనిషి నోరు పూర్తిగా మూతపడుతుందని బిల్డింగంతటికీ తెలుసు, మొగుడికి తప్ప.

గురువారం ఆవిడ వంటింటి అలమరా సర్దింది. పాత ప్రూఫు కాగితాల్ని ఆయన పారెయ్యనివ్వడు, కట్టలు కట్టలు అటకమీద పడుంటాయి. డబ్బాల కింద పరచడానికైనా పనికొస్తాయని ఏటా ఓ కట్ట దింపుతుంది. పప్పుడబ్బా కింద కాగితం పరుస్తుంటే ఒక వాక్యం కంటపడింది. "మెట్ల నీడన కూర్చున్న తల్లికి, నీట నానిన చేతితో బిడ్డల ఒంటి వేడి దించే తల్లికి నమస్కారం." నల్లటి అచ్చు. దానిమీద అడ్డంగా ఎర్రగీత. పక్కన మొగుడి చేతిరాత, "తీసెయ్యాలి".

డబ్బా అక్కడే వదిలేసి ముందుగదిలోకి వచ్చింది.

"ఏమండీ, ఇదేంటి?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

"నేను ప్రెస్సులో చేరిన కొత్తలోది. అందరు దేవతల నమస్కారాల పుస్తకం ఒకటి వేశారు. అరవై నాలుగు పేజీల్లో సర్దాలన్నాడు యజమాని. చివర ఒక్క వాక్యం మిగిలిపోయింది. దానికోసం ఇంకో కాగితం వెయ్యరు కదా. ఏదో ఒకటి పోవాలి. ఈవిడెవరో నాకు తెలీదు, తీసేశాను."

"మరి చేత్తో రాసిన అసలు పుస్తకం?"

"ప్రెస్సులో చెదలు తినేశాయి."

"అంటే ఇంకెక్కడా లేదా?"

"లేదు."

"ఇక్కడుంది కదండీ."

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం చెప్తానులే" అన్నాడు. ఆవిడ నమ్మింది. ముప్పై ఒక్కేళ్ళు కాపురం చేసి కూడా నమ్మింది, ఏమనాలి ఆ మనిషిని?

మర్నాడు దువ్వెన పట్టుకుని పరుగులాంటి నడకతో దిగింది. అమ్మ చెవి దగ్గర వంగి మొత్తం చెప్పింది.

"నా గురించి రాశారా?" అంది అమ్మ. "ఎవరు పిల్లా?"

"తెలీదమ్మా. పాతకాలం నాటిది."

అమ్మ నీళ్ళలో చెయ్యి ఆడించింది. "ఎవరో జ్వరం దిగిన బిడ్డని ఇంటికి తీసుకెళ్ళి, నిద్రపుచ్చి, రాసుంటారు," అంది. "ఆ బిడ్డ తర్వాత బాగానే ఉందంటావా?" కాగితంలో ఇంకేముందని మాత్రం అడగలేదు.

ఆదివారం పదింటికి మెట్ల ముందు కుర్చీలు వేశారు. అటు వాళ్ళు అటు, ఇటు వాళ్ళు ఇటు కూర్చున్నారు. అమ్మ తన స్టూలు మీదే ఉంది. మాస్టారు తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. ఆ కాగితం జేబులోనే ఉంది. ఇంట్లో వదిలితే భార్య తీస్తుందని అనుమానం. ఆవిడ టైలరమ్మ పక్కన కూర్చుని ఆయన వైపే చూస్తోంది.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "చెప్పండి మాస్టారూ. మీ మాటే ఆఖరు."

ఆయన లేచి నిలబడ్డాడు. "నాలుగు వేదాలు చూశాను. పద్దెనిమిది పురాణాలు, నూటెనిమిది ఉపనిషత్తులు చూశాను. నా చేతిమీదుగా అచ్చయి బయటికొచ్చిన ఏ పుస్తకంలోనూ ఈవిడ పేరు లేదు. అచ్చులో ఆధారం లేదు."

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అచ్చులో లేకుండా చేసింది తనే కదా మరి. భార్య నోరు తెరిచింది, మాట రాలేదు. మొగుడు ఎదురుగా ఉంటే ఆ గొంతు పెగలడం మర్చిపోయి చాలాకాలమైంది.

"అమ్మా, మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నాడు సెక్రటరీ నేల చూస్తూ.

"ఏంటీ?" అంది అమ్మ. టైలరమ్మ చెవిలో అరిచి చెప్పింది.

"ఏ పుస్తకంలో ఉన్నానో నాకేం తెలుసు నాయనా, నాకు చదువు రాదు. పిల్లలు ఏడుస్తుంటే వచ్చాను." అని, మాస్టారి వైపు కళ్ళు చికిలించి చూసింది. ఆయన మొహం జేవురించి ఉంది, చెమటలు కారుతున్నాయి. "ఈ అబ్బాయికి ఒళ్ళు కాలిపోతున్నట్టుందే," అంది.

మోకాళ్ళు పట్టుకుని లేచింది. బకెట్లోంచి చెయ్యి తీసి, నీళ్ళు కారుతుండగానే ఆయన దగ్గరికి నడిచింది. ఆయన ఆరడుగుల మనిషి, ఈవిడేమో పొట్టి. చెయ్యి నుదుటిదాకా అందలేదు. అందినచోట పెట్టింది. సరిగ్గా జేబుమీద.

తెల్లచొక్కా మీద ఎర్రగా మరక మొదలైంది. జేబు తడిసి, పొట్టమీదికి కారి, పంచెదాకా దిగింది. "అయ్యో రక్తం" అన్నారెవరో.

"రక్తమేంటి, సిరా," అంది టైలరమ్మ. బట్ట మీద మరకలు ఆవిడకి తెలియనివా? ఒక్క అంగలో వెళ్ళి జేబులో చెయ్యి పెట్టి కాగితం లాగింది. మడతలు విప్పింది. ఎర్రగీత మొత్తం కరిగిపోయింది. "తీసెయ్యాలి" అన్న మాటా కరిగిపోయింది. నల్లటి అచ్చు మాత్రం చెక్కుచెదరలేదు. ఆవిడ పైకి చదివింది, రెండుసార్లు, ఆఖరి వరసలో ఉన్నవాళ్ళకి కూడా వినపడేలా.

"కాగితం మీ జేబులోకి ఎలా వచ్చింది మాస్టారూ?" అంది. ఆయన రెండు చేతుల్తో మరకని కప్పుకున్నాడు.

అందరికన్నా ముందు తేరుకున్నది సెక్రటరీయే. ఆయన నాలిక్కి ఎముక ఉంటే కదా. "ఆధారం దొరికింది కదమ్మా, ఇంకేం," అన్నాడు చేతులు జోడించి. "పై హాల్లో పదమూడో స్థానం మీది. మంచి కుర్చీ వేస్తాం, ఫ్యాను పెడతాం."

"దేనికి?" అంది అమ్మ.

"మీ కాగితం దొరికింది కదా."

"అయితే దాన్నే పెట్టుకోండి."

కోపంగా అనలేదు. బకెట్లో నీళ్ళు మెట్ల పక్కన పారబోసింది, ఖాళీ బకెట్ చేతికి తగిలించుకుంది, మెల్లిగా గేటు వైపు నడిచింది. ఆపడానికి ఒక్కరూ కదల్లేదు. ఇన్నాళ్ళూ ఆవిడ తరఫున కొట్టుకున్నవాళ్ళు కూడా కుర్చీలు వదల్లేదు, వాళ్ళనీ అనాలి.

మాస్టారి భార్య ఒక్కతే లేచింది. స్టూలు ఎత్తి చంకలో పెట్టుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు ఆయన.

"ముప్పై ఏళ్ళు మీ మాట విన్నాను," అంది ఆవిడ. ఈసారి గొంతు పైకే వచ్చింది.

"ముప్పై ఒకటి," అన్నాడు ఆయన. ఒంటిమీద ఎర్రసిరా కారుతున్నా ఆ నోరు ఊరుకోదు.

ఆవిడ ఆగి ఆయన మొహంలోకి చూసింది. "ఊఁ, తర్వాత?" అంది.

ఆయన దగ్గర తర్వాత ఏమీ లేదు. ఆవిడ కాసేపు నిజంగానే ఎదురుచూసి, వెళ్ళిపోయింది.

రెండు వీధుల అవతల, రోడ్డు దాటే వంతెన మెట్ల కింద ఇప్పుడు ఆ స్టూలుంది. పిల్లల్ని ఎత్తుకుని జనం అక్కడికే వెళ్తున్నారు. ఏడుంబావుకి మాస్టారి భార్య తల దువ్వుతుంది, ఆ తర్వాత రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది. తారీఖులన్నీ తప్పే. నవ్వు వంతెన మీదిదాకా వినపడుతుంది.

బిల్డింగులో లిఫ్టు బాగా పనిచేస్తోంది. కాగితానికి అద్దం బిగించి హాల్లో పదమూడో పటంగా పెట్టారు. అందరూ దణ్ణం పెడుతున్నారు. మాస్టారు ఎన్ని సబ్బులు మార్చినా ఏ చొక్కా వేసుకున్నా జేబు దగ్గర ఎర్రమరక తేలుతూనే ఉంది.

మొన్న ఆయనకి జ్వరమొచ్చింది. మందులకి లొంగలేదు. రెండు వీధులు నడిస్తే చాలు, టైలరమ్మ కూడా ఆ మాటే చెప్పింది, రిక్షా పిలుస్తానంది. ఆయన వినలేదు. మూడోరోజు గోడ పట్టుకుని పై హాల్లోకి వెళ్ళి, పదమూడో పటం అద్దానికి నుదురు ఆనించి నిలబడ్డాడు. మొదట చల్లగానే తగిలింది. కాసేపటికి ఆ అద్దమూ వేడెక్కింది.