ఎనిమిదో ఫారం

వానాకాలం వస్తే బైండరుకు చేతులు కట్టేసినట్టే. రాసిన బంక ఆరదు. ఆరిందనుకున్న అట్ట తెల్లారేసరికి పొట్ట ఉబ్బించుకుని కూర్చుంటుంది. కాగితం తేమ పీల్చి కత్తికి లొంగదు. అందుకని ఏటా ఆ రెండు నెలలూ కొట్టు తలుపు సగం మూసి, సూదులు నూనె గుడ్డతో తుడుచుకుంటూ కాలక్షేపం చేసేవాడు. ఈ ఏడు మాత్రం అటక ఎక్కాడు.

ఎక్కించినవాడు ప్రెస్సు మేనేజరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. వానలు మొదలవడానికి ముందురోజు, బైండరు అన్న రాసిన కొత్త పుస్తకం కాగితాల కట్టలు బండిలోంచి దింపించి, చేతులు దులుపుకుంటూ ఒక మాట వదిలాడు.

"ఐదో పుస్తకంలో మీ అన్నగారు మిమ్మల్ని ఏకి పారేశారటగా. అయినా ఆయనవే కుడుతున్నారంటే మీది దొడ్డ మనసండీ."

అన్న రచయిత. ఇప్పటికి ఏడు పుస్తకాలు వచ్చాయి. ఏడూ తమ్ముడి కొట్టులోనే కుట్టుకున్నాయి. తమ్ముడు ఒక్కటీ చదవలేదు. కుట్టేవాడి కన్ను పేజీ అడుగున ఉండే చిన్న అంకె మీదే ఉంటుంది. పదహారు పేజీల మడత ఒక ఫారం. ఫారాలు వరస తప్పకుండా వచ్చాయా లేదా, అంతవరకే అతని పని. చదవబోతే చెయ్యి ఆగుతుంది. అన్న పుస్తకాలను అతను లావును బట్టీ, కాగితం రంగును బట్టీ ఎరుగును.

కుట్టడంలో చెడిపోయిన కాపీలను ప్రెస్సుకు తిప్పి పంపితే పరువు తక్కువని అటక మీదికి విసిరేవాడు. ఒకదానికి అట్ట తలకిందులు, ఇంకొకదానిలో ఒకే ఫారం రెండుసార్లు. ఆ కుంటివాటిలోంచే ఏడింటినీ ఏరి కిందికి దించాడు. మంచివి కొనుక్కోవచ్చు కదా అంది భార్య. నన్ను తిట్టిన పుస్తకం నేను కొనడమేమిటన్నాడు. చదివి ఏం చేస్తారని అడిగింది. అన్న ఇంటికెళ్లి కడిగేస్తానన్నాడు. అయితే త్వరగా చదవండి, ఈలోగా ఆయన ఎనిమిదోది కూడా బయటికి తెస్తాడని ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

ఐదోదే ముందు తియ్యొచ్చు. కానీ అన్న ఈ పని ఎప్పటినుంచి మొదలుపెట్టాడో తేలాలి. మొదటిది తీశాడు. గీత కింద వేలు పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదివాడు. వాన పడిందని చెప్పడానికి మూడు పేజీలు పట్టింది అన్నకి. బయటికి చూస్తే తెలిసేదానికి ఇంత కాగితమా అని విసుక్కున్నాడు. రెండో పుస్తకంలో అమ్మ ఉంది. తలుపు గడియ పెట్టి మళ్లీ వెళ్లి చూసుకునే అమ్మ, కోపమొస్తే పేరు పెట్టి పిలవకుండా "అయ్యగారూ" అనే అమ్మ. ఊరూపేరూ తెలియనివాళ్లందరి ముందూ అమ్మను నిలబెట్టినట్టనిపించి పుస్తకం నేలకేసి కొట్టాడు. కాసేపటికి తనే తీసి, వంగిన మూల సరిచేసి, మిగతాది చదివాడు. మూడోదాన్లో భార్య మాట ఒకటి అచ్చంగా దొరికింది. చదివి వినిపిస్తే ఆవిడ నవ్వి, నేను ఇంకా బాగా అన్నాను, ఆయనే చెడగొట్టాడంది.

నాలుగోది ముగిసేసరికి వానలకు నెలన్నర నిండింది. నాలుగింటిలోనూ తను లేడు. లేనందుకు కూడా మండింది.

ఐదోదాన్లో ఉన్నాడు.

ఆసుపత్రి మంచం మీద తండ్రి. పక్కన స్టూలు మీద చిన్న కొడుకు. మధ్యాహ్నం. పెద్ద కొడుకు నాలుగింటికి రావాలి. బైండరు వేలు అక్కడే ఆగింది. పన్నెండేళ్ల కింద ఆ స్టూలు మీద కూర్చున్నది తనే. పనుందని, అన్న రాకముందే లేచి వచ్చేశాడు. అన్న వచ్చేసరికి తండ్రి పోయాడు. నేను బయల్దేరేటప్పటికి నాన్న నిద్రపోతున్నాడని తమ్ముడు అందరికీ చెప్పాడు. నాన్న నిద్రపోలేదు. నిద్రపోలేదన్న సంగతి ఇతనికి తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు అన్నకి తెలిసిపోయి, అచ్చేయించి, వెయ్యి ఇళ్లకు పంచాడా? దాన్ని కుట్టింది తన చేతులేనా?

నూట పన్నెండో పేజీ అడుగున, "తమ్ముడు చెప్పులు వేసుకున్నాడు. మంచం మీదినుంచి తండ్రి" అని ఉంది. పేజీ తిప్పాడు. నూట ఇరవై తొమ్మిది. "గోడవైపు తిరిగినవాడు మళ్లీ ఇటు తిరగలేదు."

ఎనిమిదో ఫారం లేదు. అది వెయ్యకుండా కుట్టేసినందుకే ఆ కాపీ అటకెక్కింది. పనివాడెవడైనా అయితే తిట్టుకునేవాడే. ఆ కుట్టు తనది.

రెండు రోజులు అన్నం సయించలేదు. లేని పదహారు పేజీలనూ మనసులో తనే రాసుకున్నాడు, ఒకదాన్ని మించి ఒకటి ఘోరంగా. మూడోనాడు గొడుగు తీసుకుని మూడు వీధుల అవతల అన్న ఇంటికి నడిచాడు. అన్నదమ్ములకు ప్రెస్సు ద్వారా కబుర్లు తప్ప రాకపోకలు లేవు. తలుపు తీసిన వదిన ఒక్క క్షణం పోల్చుకోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. అని ఉన్నా కూర్చునేవాడు కాదు.

"నీ ఐదోది చదివాను," అన్నాడు.

అన్న కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇన్నేళ్లకా?"

"వానలు కదా. ఖాళీగా ఉన్నా."

"ఊఁ."

"ఎనిమిదో ఫారంలో ఏం రాశావు?"

అన్న నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పటినుంచీ ఇతనికి గిట్టదు. "వెయ్యిసార్లు కుట్టావు కదరా, నీకే తెలియాలి."

వదిన బీరువా తెరిచి మంచి కాపీ తెచ్చి చేతిలో పెట్టింది. తలుపు చట్రానికి ఆనుకుని, గొడుగు నుంచి నీళ్లు కారుతుండగా, పదహారు పేజీలూ నిలబడే చదివాడు. చాలాసేపు పట్టింది. అన్న కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నాడు.

ఆ పేజీల్లో తిట్లు లేవు. తండ్రి చిన్న కొడుకు చెయ్యి పట్టుకుని, నీ పని పాడవుతుంది వెళ్లు నాన్నా, అన్నయ్య వచ్చేస్తాడులే అంటాడు. కొడుకు వెళ్లనంటాడు. తండ్రి బలవంతాన పంపిస్తాడు. వీధిలో ఆ కొడుకు ఏడుస్తూ నడవడం నాలుగు పేజీలు. మేనేజరు పుస్తకం మొహం కూడా చూడలేదని తెలిసింది. ఊపిరి పీల్చుకోవలసిన మనిషికి ఒళ్లంతా వేడెక్కింది.

"నాన్న ఇలా అనలేదు."

"కథరా అది."

"'ఉండరా' అన్నాడు. రెండుసార్లన్నాడు. నేను చెప్పులేసుకున్నాను. ఆయన్ని అలా చూస్తూ కూర్చోలేక వచ్చేశాను. పనీ లేదు, పాడూ లేదు."

వదిన బీరువా తలుపు మీద చెయ్యి అలాగే ఉంచేసింది. అన్న కుడిచెయ్యి, తనకు తెలిసో తెలియకో, బల్ల మీది కలం దగ్గరికి జరిగింది. బైండరు రెండడుగుల్లో వెళ్లి తడి అరచెయ్యి కాగితాల మీద ఆనించాడు.

"రాయకు."

"పన్నెండేళ్లు నిద్రపోతున్నాడని చెప్పావు," అన్నాడు అన్న. గొంతు పెరగలేదు. "నమ్మలేదు. జనం నోళ్లు మూయించడానికి నాన్న చేత ఆ మాట అనిపించాను. నిన్ను వెనకేసుకొచ్చాను."

"ఎవడు వెనకేసుకు రమ్మన్నాడు? తిట్టుంటే తిరిగి తిట్టేవాణ్ణి. దీన్నేం చెయ్యను?"

"నేను వచ్చేసరికి నాలుగుంబావు. నాన్న కళ్లు తెరిచే ఉన్నాయి. ఎదురుగా ఖాళీ స్టూలు. నీకు చూడలేకపోవడం ఒక్కటే తెలుసు. నువ్వు చూడలేనిది నేను చూశాను."

తమ్ముడు చెయ్యి కాగితాల మీదినుంచి తీశాడు. తీసిన చోట తడి ముద్ర మిగిలింది.

"కొత్తదాన్లో ఎవరున్నారు?"

అన్న కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

"చదివాకే కుడతాను."

"పదిహేను రోజుల్లో ఆవిష్కరణ. కార్డులు పంచేశారు."

"వచ్చినవాళ్లని కార్డులు చదువుకోమను."

ఆ మాట మీద వచ్చేశాడు. మర్నాడు కొత్త పుస్తకం కట్టలు విప్పి, మొదటి ఫారం మడిచి, కుట్టకుండా ఒళ్లో పెట్టుకున్నాడు. మేనేజరు రెండుసార్లు వచ్చి మొత్తుకుని వెళ్లాడు. ఇంతకీ ఆ ఐదోది మీరు చదివారా అని బైండరు ఒక్కటే అడిగాడు. ఆయన మళ్లీ రాలేదు.

నాలుగోరోజు మధ్యాహ్నం అన్నే వచ్చాడు. ఈ కొట్టు గుమ్మం తొక్కి ఎన్నేళ్లయిందో. ఎక్కడిదాకా వచ్చావన్నాడు. మూడో ఫారమన్నాడు తమ్ముడు. ఇంకా మూడోదేనా అని అన్న పళ్లు నూరాడు. అంత గబగబా చదవాలంటే అంత నిదానంగా ఎందుకు రాశావన్నాడు తమ్ముడు. అన్న కాసేపు అటూ ఇటూ తిరిగి, కత్తి మిషను చక్రం మీద చెయ్యి వేసి, చివరికి అడగకుండానే బయటపెట్టాడు.

"పదకొండో ఫారంలో నువ్వున్నావు. ఈసారి వెనకేసుకు రాలేదు. ముందు అది చదివి, కుడతావో కుట్టవో తేల్చెయ్."

బైండరు వేలు గీత మీదినుంచి కదలలేదు. కాలితో స్టూలు ఒకటి అన్నవైపు నెట్టాడు.

"అక్కడికొచ్చేదాకా కూర్చో."