ఎంక్వైరీ కోసం ఆగిన నీళ్ళు

హైవే పక్క ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయన్న ఫిర్యాదులు వానాకాలంలో పడతాయి. అవి మూడు బల్లలు దాటి తనిఖీ అధికారి చేతికి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. ఆయన వెళ్తాడు, ఎండిన నేల చూస్తాడు, వస్తాడు. ఇరవై ఆరేళ్ళుగా ఇదే. అందుకని నివేదిక చివరి వాక్యాన్ని ఈమధ్య జీపులోనే రాసేసుకుంటున్నాడు: "తనిఖీ సమయంలో స్థలంలో నీరు లేదు." వెళ్ళాక సంతకం పెడితే చాలు.

ఆ రోజు ఫైలు బట్టలు కుట్టే ఒకావిడది. మూడో ఫిర్యాదు. మూడుసార్లు నీరు లేదని తేలితే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు. ఆ ఇంటి తరఫున ఇక ఎవరూ కాగితం తీసుకోరు.

"ఈసారితో పీడ వదిలిపోతుంది సార్," అన్నాడు జీపు డ్రైవరు.

"ఎవరికి?" అన్నాడు అధికారి, మోకాలు నొక్కుకుంటూ.

డ్రైవరు గేరు మార్చాడు.

రోడ్డు వెడల్పు చేసి ఎత్తు పెంచాక ఆ ఇల్లు నాలుగడుగుల పల్లంలో పడింది. వాకిట్లో మట్టి నెర్రెలిచ్చి ఉంది. అధికారి కలం మూత తీసి, గడప దగ్గర ఆగాడు.

నడిమి గదిలో నీళ్ళున్నాయి. మోకాటి లోతు, బురద రంగు. గడపకు జానెడు లోపలే, అడ్డం ఏమీ లేకుండానే, గాజుపలకలా నిటారుగా ఆగిపోయాయి. కాలిమిషను మూలన తుప్పు పడుతోంది. ఆవిడ మంచమెక్కి చేతిమిషను మీద కుడుతోంది. అత్తగారు ఎత్తుపీట మీద కూర్చుని, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, బఠానీలు ఒలుస్తోంది.

"వానలు వెళ్ళి నాలుగు నెలలైంది కదమ్మా?"

"అవును సార్. పక్కిళ్ళలో నీళ్ళు ఎప్పుడో పోయాయి. ఇవి మాత్రం మీరొచ్చి చూసేదాకా కదలమని కూర్చున్నాయి."

"అల్లుడు కూడా ఇన్నాళ్ళు కూర్చోడు నాయనా," అంది అత్తగారు. "వానలో కబురు పెడితే ఎండలో వచ్చావు. దారిలో గొడుగు కొనుక్కున్నావా?"

"అత్తయ్యా, ఊరుకోండి."

"నేనేమన్నానే? పాపం, ఆయన కాళ్ళు తడిసి ఎన్నాళ్ళయిందో!"

డ్రైవరు వంగి చూశాడు. "చేప కూడా ఉంది సార్," అన్నాడు, జీపుకి నీడ దొరికిందని చెప్పినట్టు.

అధికారి ఫైలు తిరగేశాడు. అడుగున ఆరేళ్ళ నాటి కాగితం ఒకటి. రోడ్డు కింద నీళ్ళు పోయే తూము సక్రమంగా ఉందని ధ్రువీకరించిన పత్రం. సంతకం తనదే. అప్పుడూ ఎండాకాలమే. కట్ట దిగి చూడలేదు. ఇప్పుడు నీరుందని రాస్తే ఎందుకుందో రాయాలి. అది రాస్తే అందరూ ఆ సంతకం దగ్గరికే వస్తారు. రిటైరవడానికింకా ఏడాది ఉంది.

"రాసింది ఉంది కదా సార్," అన్నాడు డ్రైవరు మెల్లగా. "సంతకమేగా."

మిషను చప్పుడు ఆగింది.

"రాసుకునే వచ్చారా?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. బట్ట పక్కన పెట్టి దారం తెంపింది.

అధికారి బూట్లు విప్పబోయి, వంగడానికి ఓపిక లేక, వాటితోనే నీళ్ళలోకి దిగాడు. కొలబద్ద దించాడు. ఇరవై రెండు అంగుళాలు. పాత వాక్యం కొట్టేసి కొలత వేశాడు. కారణం రాసేచోట, "తూము పూడిపోయింది. ధ్రువీకరించే ముందు నేను చూడలేదు," అని రాసి సంతకం పెట్టాడు.

నీళ్ళు కదిలాయి. ఆఫీసులో పని పూర్తయిన మనుషుల్లా, తొందరపడకుండా గడప దాటి, వాకిలి దాటి, రోడ్డు కట్ట వైపు వెళ్ళాయి. అత్తగారు చేపను చెంబులో వేసుకుంది. నీళ్ళు కట్ట కింద ముళ్ళకంపల మధ్య బండిచక్రమంత మేర గుండ్రంగా ఆగాయి. డ్రైవరు అక్కడ గుర్తుకు ఒక గూటం దిగ్గొట్టాక, ఇంకిపోయాయి.

నెల తిరక్కుండా ఆ గూటం దగ్గరే తవ్వి తూము తెరిచారు. అధికారికి మెమో ఇచ్చి రికార్డు గదిలో కూర్చోబెట్టారు. ఆయన బూట్లు మాత్రం ఆరలేదు. రోజూ కిటికీలో ఎండకు పెట్టేవాడు, సాయంత్రం తడివే తొడుక్కుని వెళ్ళేవాడు.

తొలి వాన పొద్దున్నుంచీ కురిసింది. కుట్టుపని ఆవిడ అలవాటుగా సామానంతా మంచం మీదికెత్తింది. సాయంత్రం దాకా గడప వైపు చూసింది. తర్వాత ఒక్కొక్కటే దించి, కాలిమిషనుకు నూనె పెట్టింది.

అదే సమయానికి రికార్డు గదిలో అధికారి ఇంటికి లేస్తూ బూటులో చెయ్యి పెట్టి చూశాడు. రెండోదాంట్లోనూ చూశాడు.

నీరు లేదు.