నడక నరసింహం డాలరు

"నరసింహారావు గారి ఇల్లు ఇదేనాండీ?"

యలమంద తల ఎత్తలేదు. తన తండ్రిని 'గారు' అన్న మనిషిని యాభై నాలుగేళ్ళలో చూసి ఎరగడు గనుక, అడుగుతున్నది ఇంకెవరి గురించో అనుకున్నాడు. రాగితీగకు గుచ్చిన గిల్టు గాజుల్ని పూత తొట్టిలో ముంచుతూనే, "ఏ నరసింహారావండీ? పోస్టాఫీసాయనైతే మూడో సందు," అన్నాడు.

"కాదండీ. నడక పోటీల నరసింహారావు గారు. యాభై ఒకటిలో ఢిల్లీ వెళ్ళొచ్చారే, ఆయన."

తీగ చేతిలోంచి జారి గాజులన్నీ తొట్టి అడుగుకు పోయాయి.

వచ్చినామె పేరు అపూర్వ. గుడివాడ కాలేజీలో చరిత్ర చెబుతుందట. వాళ్ళ తాత రాధాకృష్ణమూర్తి ఆ రోజుల్లో ఢిల్లీలో గుమస్తా. మొదటి ఆసియా క్రీడలకు ఆటగాళ్ళ పేర్లు రాసే పని ఆయనకు వేశారు. ఆయన పెట్టె ఈమధ్య తెరిస్తే కాగితాలు బయటపడ్డాయి. వాటిలో ఒక ఊరిపేరు చూసి ఆమె ఆగిపోయింది: చిలకలపూడి, బందరు.

భార్య సరోజ కుర్చీ తెచ్చి వేసింది. యలమంద మాత్రం నిలబడే ఉన్నాడు.

నరసింహారావంటే చిలకలపూడిలో నడక నరసింహం. మిలిటరీలో మూడేళ్ళు చేసి వచ్చి, నగల అచ్చులు చెక్కుతూ బతికాడు. కనిపించినవాడికల్లా ఢిల్లీ కథ చెప్పేవాడు. పదకొండు దేశాల వాళ్ళొచ్చారని, అందరినీ మిలిటరీ బ్యారకుల్లో పడుకోబెట్టారని, యాభై కిలోమీటర్ల నడక పోటీలో తానూ నడిచానని. "ఎంత దూరమనుకున్నారు? ఇక్కణ్ణించి నాగాయలంక ఉన్నంత!" అనేవాడు.

"నడిస్తే మెడల్ ఇచ్చారా బావా? అయితే మా గేదెకు రెండు రావాలి," అనేవాళ్ళు టీ కొట్టు దగ్గర. ఎర్రకోటలో సూర్యుడి నుంచే నిప్పు దించి కాగడా వెలిగించారని ఆయన చెబితే, "ఆ నిప్పుతో బీడీ ముట్టించుకున్నావా?" అని పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆయన మెడల్ తీసి చూపించేవాడు. ఒకవైపు కిరణాల సూర్యుడు, వెనక ఇంగ్లీషు అక్షరాలు. దాంతో నవ్వు ఇంకా పెరిగేది. అచ్చులు చెక్కేవాడి చేతిలో మెడల్ ఉంటే ఎవడు నమ్ముతాడు? ఏ నగ చూసినా 'ఎవరు చేశార్రా' అని అడిగే ఊరది.

అందరికంటే ఎక్కువ నవ్వినవాడు యలమంద. ఏడో తరగతిలో బడి మాన్పించి తొట్టి ముందు కూర్చోబెట్టిన తండ్రి మీద వాడికి ఇంకో కక్ష అక్కర్లేదు.

అపూర్వ ఒక ఫొటో బల్ల మీద పెట్టింది. మైదానంలో వరసగా నిలబడ్డ కుర్రాళ్ళు. చివర్న, నిక్కరు మోకాళ్ళ దాకా జారినవాడు. ఆ చెవులు యలమంద రోజూ అద్దంలో చూసుకునేవే.

"సూర్యుడి నుంచి నిప్పు..." అన్నాడు యలమంద.

"నిజమేనండీ. అద్దంతో ఎండను ఒకచోటికి చేర్చి వెలిగించారు. అసలు ఆ క్రీడలు యాభైలోనే జరగాలి. ఏర్పాట్లు కాక ఏడాది వాయిదా పడ్డాయి. బ్యారకులూ నిజమే." ఆమె ఒక కాగితం తిప్పింది. "తాతగారు రాసుకున్నారు చూడండి. 'నరసింహారావు నలభై ఒకటో కిలోమీటరు దగ్గర పడిపోయాడు. లేచి నడిచాడు. మళ్ళీ పడ్డాడు.' ఇంతకీ మీ నాన్నగారు గెలిచానని చెప్పేవారా?"

"లేదండీ. పడిపోయాననే చెప్పేవాడు."

సరోజ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "అబద్ధమాడే మనిషి గెలిచానని ఆడతాడు గానీ, పడిపోయానని ఎందుకాడతాడండీ? ఇన్నేళ్ళూ ఈ ముక్క మనకి తట్టలేదేంటి?"

యలమంద తొట్టి గట్టు మీద చతికిలబడ్డాడు.

"పాల్గొన్నవాళ్ళందరికీ ఇచ్చారే, ఆ మెడల్ ఒకసారి చూడొచ్చాండీ? పుస్తకంలో ఫొటో వేద్దామని."

అతను గోడవైపు చూపించాడు. మేకుకు డజను డాలర్లు వేలాడుతున్నాయి, మెళ్ళో గొలుసుకు వేసుకునేవి. అన్నిటి మీదా కిరణాల సూర్యుడే. "దాన్ని చూసి చేసినవే అవన్నీ. దివిసీమలో బాగా పోతాయి."

"మరి అసలుది?"

ఇరవయ్యేళ్ళ క్రితం తండ్రి పెట్టెలోంచి చెప్పకుండా తీశాడు. అచ్చు తీసుకుని, పైన కొంకీ అతికి, బంగారు పూత పూసి, నమూనాగా కొట్లకు తిప్పాడు. ఏదో సరుకులో కలిసి అదీ అమ్ముడుపోయింది. పోతే పోయింది, ముసలాడు చెక్కిందేగా అనుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత ముసలాడు మంచం పట్టి, మెడల్ ఏదిరా అని అడిగితే, మేకుకున్నదాన్నొకటి తీసి మెళ్ళో వేశాడు. చూపు ఆనని ఆ మనిషి బొటనవేలితో తడిమి చూసుకున్నాడు.

"ఇది కాదురా."

"ఏదైతేనేం లే," అన్నాడు యలమంద. తండ్రి మళ్ళీ నోరు విప్పలేదు. మూడోనాడు పోయాడు. ఆ డాలరుతోనే దహనం చేశారు.

ఇదంతా అపూర్వకు చెప్పడానికి నోరు రాలేదు. "వెతికి తెస్తానండీ," అని మాత్రం అన్నాడు. నాగాయలంక పెద్దింట్లమ్మ అప్పుడే గుర్తొచ్చింది. చేపలమ్మే మనిషి. ఎప్పుడో కొట్టు దగ్గరికి వచ్చి, "మా చెల్లెలు కొన్నవన్నీ నల్లబడ్డాయయ్యా, నాది నల్లబడలేదు. ఇంత బరువైందే ఇంకోటియ్యి," అంది. నవ్వి పంపేశాడు.

మర్నాడు పొద్దున్నే నాగాయలంక బస్సెక్కాడు. జేబులో కొత్తగా పూత పూసిన డాలరు ఒకటి ఉంది.

బస్టాండు పక్కనే బుట్ట ముందు కూర్చుని ఉంది పెద్దింట్లమ్మ. మెళ్ళో నల్లతాడుకు సూర్యుడు.

"మెరుగు పెట్టిస్తానమ్మా, ఇలా ఇయ్యి. డబ్బులేం వద్దు."

"మా రాజువే! మెరుగు కోసం బందరు నుంచి వచ్చావా?" నవ్వుతూ తీసిచ్చింది.

అతను అటు తిరిగి దాన్ని తిప్పి చూశాడు. ఒంటికి రాసుకుని రాసుకుని వెనకవైపు పూత పోయింది. కంచు బయటపడింది. ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. న్యూ ఢిల్లీ. పందొమ్మిది వందల యాభై ఒకటి. దాన్ని జేబులోకి వదిలి, కొత్తదానికి ఆమె తాడు గుచ్చి, గుడ్డతో తుడిచినట్టు తుడిచి ఇచ్చాడు.

ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుంది. బొటనవేలితో తడిమింది.

"ఇది కాదయ్యా."

గుడ్డ మడుస్తున్న యలమంద ఆగిపోయాడు.

"రోజూ పొద్దున్నే కళ్ళకద్దుకునేదాన్ని, నాకు తెలవదా? నాది నాకిచ్చెయ్యి."

ఏదైతేనేం లే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి అక్కడే ఎండిపోయింది. జేబులోంచి తీశాడు. "ఇది మా నాన్నదమ్మా," అన్నాడు.

"మీ నాయనదా? మరి నాకెందుకమ్మావు?"

అతను ఫోనుతో రెండువైపులా ఫొటోలు తీసుకుని, మెడల్‌ను ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె ముందు బరువు చూసింది. తర్వాత కళ్ళకద్దుకుని మెళ్ళో వేసుకుంది.

బందరు బస్సు హారను కొట్టింది. యలమంద ఎక్కలేదు. రోడ్డు పట్టుకుని నడిచాడు. అవనిగడ్డ చేరేసరికి అరికాళ్ళు బొబ్బలెక్కి, మోకాళ్ళు పట్టేశాయి. ఓ కొట్టు అరుగు మీద కూలబడి, ఎంత దూరం వచ్చానని కొట్టువాణ్ణి అడిగాడు.

"నాగాయలంక నుంచా? పన్నెండు కిలోమీటర్లుంటుందండీ."

"పన్నెండేనా?" అన్నాడు యలమంద.