అపొండి తీసిన అడవి తులసి నూనె

అహెరో ఊరి వరిపొలాల పక్కన ఒగుటు అనే అతను ఇటుకలు చేసేవాడు. మట్టి తవ్విన గోతుల్లో వానాకాలమంతా నీళ్లు నిలిచేవి. ఆ ఏడు అతని భార్యకు మూడుసార్లు మలేరియా వచ్చింది. మూడోసారి బండి మీద కూర్చోలేకపోతే, తన నడుముకి గుడ్డతో కట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఆమె లేచి తిరుగుతున్న రోజుల్లో వదిన అపొండి గోతుల దగ్గరకొచ్చింది. బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి. చేతిలో గరిటె, చిన్న సీసా.

"రెండు గోతులు నాకు వదిలెయ్ మరిదీ."

"ఏం వదినా, ఈత నేర్చుకుంటావా?"

"నీ దగ్గర ఇటుకల కంటే దోమలే ఎక్కువ తయారవుతున్నాయి. ఇటు రా."

గరిటెడు నీళ్లు తీసి చూపించింది. సన్నటి పురుగులు నీటిపైన గడ్డిపరకల్లా అడ్డంగా పడుకునున్నాయి.

"తలకిందులుగా వేలాడేవి వేరు. ఇలా పడుకునేవే జ్వరం తెచ్చే దోమల పిల్లలు."

దోమలు రాకుండా అడవి తులసి కొమ్మలు మంచం దగ్గర కట్టుకోవడం అందరికీ తెలిసిందే. అపొండి ఆ ఆకుని డ్రమ్ములో ఉడికించి, ఆవిరిని గొట్టంలోంచి చల్లార్చి నూనె తీసింది.

"బుట్టెడు ఆకుకి చెంచాడు నూనా! ఆ ఆకు ఒమెనా చేపల కూరలో వేసుకుంటే రుచన్నా ఉండేది," అని నవ్వాడు ఒగుటు.

నూనె నీళ్లలో కలవదు కనక ఆమె దాన్ని సబ్బునీళ్లతో బాగా చిలికి ఒక గోతిలో చల్లింది. రెండోదాన్ని ముట్టుకోలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఒక్కో గోతిలోంచి పది గరిటెలు తీశారు. ముట్టుకోని గోతిలో అరవై పురుగులు, చల్లినదాంట్లో బతికినవి రెండే.

ఆరో రోజుకి పురుగులు మళ్లీ కనిపించాయి.

"నే చెప్పలా వదినా? వచ్చేశాయి!"

"ఎన్ని?"

"ఏమో, బోలెడు."

"నవ్వడం తర్వాత. ముందు లెక్కపెట్టు."

అతను బురదలో మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టాడు. ముప్పై ఒకటి. ఆమె మొహం మాడ్చుకోకుండా పుస్తకంలో రాసుకుంది, మళ్లీ సబ్బునీళ్లు చిలికింది. నాలుగు రోజులు దాటితే పురుగు పెరుగుతోందని ఆనాటి నుంచి నాలుగు రోజులకోసారి చల్లేవాళ్లు, గరిటె పట్టుకుని ఒగుటే ముందొచ్చేవాడు.

వానలు ఆగేలోపు ఆరోగ్యశాఖ వాళ్లు చూడ్డానికొచ్చారు. ఊరంతా పోగైంది. ఒగుటు ఛాతీ విరుచుకుని, "ఒక్కసారి చల్లితే చాలు, ఇంక గోతిలో దోమన్నది పుట్టదు!" అన్నాడు.

"అబద్ధం," అంది అపొండి అందరిముందే. "నాలుగు రోజులే పనిచేస్తుంది. పనికిరాని గోతులు పూడ్చాలి. దోమతెర మాత్రం ఎవరూ మానకండి."

ఇంటికి పోతూ ఒగుటు గునిశాడు. "నిన్ను పొగిడితే నా పరువు తీశావేం వదినా?"

"నీ మాట నమ్మి ఏ తల్లన్నా దోమతెర తీసేస్తే? ఆ పాపం నీదా, నాదా?"

సైన్సు పంతులమ్మలు చాలామంది ఉంటారు గానీ, తన గెలుపుని తనే నలుగురి ముందు తగ్గించి చెప్పే మనిషిని ఒగుటు అదే మొదటిసారి చూడ్డం. మర్నాడే పార పట్టి, విరిగిన ఇటుకలతో పాత గోతులు ఏడు పూడ్చాడు. మిగిలిన రెంటి గట్టునా అడవి తులసి నాటాడు.

ఇప్పుడు పక్క ఊరివాళ్లెవరైనా నూనె సంగతి అడిగితే, ఒగుటు ముందు వాళ్ల చేతికి గరిటె ఇచ్చి లెక్కపెట్టమంటాడు.