మెరుగు పెట్టిన ‘కొండవాగు’

నేను ఒక గేమ్ డిస్క్‌ని. నాలో ఉన్న ఆట పేరు ‘కొండవాగు’. పదిహేనేళ్ల కిందటి మొదటి భాగానికే కొత్త మెరుగులు దిద్ది నన్ను తయారుచేశారు. నా పెట్టె మీద ‘మునుపెన్నడూ చూడనంత అందంగా’ అని బంగారు అక్షరాలున్నాయి. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది.

విజయవాడలో లెక్కల టీచరు మందాకిని నన్ను కొన్నది. తనకోసం కాదు, తండ్రి సర్వారాయుడి కోసం. ఆయన ఒకప్పుడు సినిమా హాళ్లకు నిలువెత్తు బొమ్మలు వేసేవాడు. ఆ పని పోయాక హైదరాబాదులో ఓ ఆటల కంపెనీ ఆయన్ని పిలిచి, నాలోని కొండల్నీ అడవినీ గీయించుకుంది. మందాకిని నాతోపాటు పాత రెండో భాగాన్ని కూడా తెచ్చింది. దాని ఒంటినిండా గీతలే.

ఆదివారం మధ్యాహ్నం మొదట నన్నే పెట్టారు. ఆయన టీవీ దగ్గరికి జరిగి చూశాడు.

“వాగులో బురద ఏదే?”

“శుభ్రం చేశారు నాన్నా. అందరూ బాగుందంటున్నారు.”

“వానాకాలం వాగమ్మా అది! బురద లేకుండా ఎట్టా ఉంటది?”

తర్వాత మందాకిని పనిచేసినవాళ్ల జాబితా తెరిచింది. ఆరు నిమిషాలపాటు పేర్లు నడిచాయి. కొత్త రంగులు దిద్దినవాళ్లు, పరీక్షించినవాళ్లు, చివరికి ఆ ఏడాది ఆఫీసువాళ్ల ఇళ్లలో పుట్టిన పసిపిల్లలు కూడా ఉన్నారు. సర్వారాయుడు లేడు.

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. “నా కంటికి ఆనలేదేమో. ఇంకోసారి పెట్టు.”

ఇంకోసారి తిరిగాను. ఆయన బొమ్మలన్నీ కడుపులో పెట్టుకుని, ఆయన పేరు మాత్రం చూపించలేకపోయాను.

అప్పుడు రెండో భాగం పెట్టారు. నా పక్కన అది నాసిరకమే. మనుషుల మొహాలు పలకలుగా ఉంటాయి, వంతెన దాటేటప్పుడు ఆట ఆగిపోతుంది. ఇద్దరినీ పోల్చిన వాళ్లంతా నన్నే మెచ్చుకున్నారు. కానీ దాని వాగులో బురద ఉంది. జాబితాలో చిన్న అక్షరాలతో ‘చిత్రాలు: సర్వారాయుడు, తిరపతమ్మ’ అని ఉంది.

ఆ సాయంత్రమే మందాకిని కంపెనీకి రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. పొరపాటు జరిగిందని, దిద్దామని. నెట్‌లోంచి ఆ దిద్దుబాటును ఆటలోకి దింపుకుని, తండ్రిని పిలిచి చూపించింది.

“చూశావా నాన్నా, నీ పేరు!”

ఆయన ఇంకా జాబితా కిందికి వెతుకుతున్నాడు. “తిరపతమ్మ ఏది?”

“ఎవరావిడ?”

“నేను చెట్టు గీసి ఇచ్చేవాణ్ణి. ఆకులన్నీ ఒక్కొక్కటీ ఆవిడే వేసింది. మొదటి ఆటప్పుడు పేర్లు అడిగితే నేనొక్కణ్ణే అని చెప్పానే. ఆవిడ పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలా. రెండోదానికి నేనే అడిగి వేయించా. దీన్ని మాత్రం అట్టాగే వదిలేశా.”

మందాకిని తండ్రి వంక చూసి, ఫోను తీసింది.

“మళ్లీ రాయనా?”

“రాయి. వాళ్ల తప్పని రాయమాక. నా తప్పని మొదటి ముక్కలోనే రాయి.”

ఆమె టైపు చేస్తుంటే, ఆయన ఒక్కో అక్షరం పలికి తిరపతమ్మ ఇంటిపేరు కూడా చెప్పాడు.